రాత్రి ఇక్కడ పడుకున్నదెవరు

జనాభా లెక్కల బండి నాది. తోలడం నా పని,
అడగడం రౌనా పని.
నమీబియా అంతటికీ ఒకటే ప్రశ్న, నీలం సిరాలో:
ఈ ఇంట్లో రాత్రి ఎవరెవరు పడుకున్నారు?

క్విసెబ్ ఏటి పక్కన అమాలియా అవ్వ
నారా గింజలు ఎండబోస్తూ తలెత్తలేదు.
ఏరంటే పేరుకే.
సముద్రం దాకా పోవాలని బయల్దేరి
ప్రతిసారీ ఇసుకలోనే ఆగిపోతుంది.
"నేనూ, నా మనవడూ. ఆ పొద కింద ఒరిక్స్.
నక్క మాత్రం పడుకోదమ్మా, దానికి రాత్రే పగలు.
ఏ కాయ పండిందో ముందు దాని ముక్కుకే తెలుస్తుంది.
దాని జాడ పట్టుకుని నేను బుట్టతో పోతాను.
అది కొరికింది దానికి, పక్కది నాకు."
రౌనా 'ఇద్దరు' అని రాసింది.
పొగమంచుకి కాగితం అంచులు మెత్తబడ్డాయి.
దిబ్బ కొనమీద నల్ల పురుగొకటి
తల కిందికీ నడుము పైకీ పెట్టి
వీపు మీది మంచుబొట్టు నోటిదాకా జారేవరకు
కదలకుండా కాచుకుంది.
అప్పటిదాకా నేనూ ఇంజన్ వేయలేదు.

ఉత్తరాన, హోఆనిబ్ గులకరాళ్ల దారిలో
టైర్లు రెండు పోయాయి.
చికుండా నీళ్ల ట్యాంకు చుట్టూ రాతిగోడ,
గోడ చుట్టూ ఏనుగు పేడ.
"మూడు రాత్రులుగా వస్తోంది, చెవి చిరిగిన పెద్దావిడ,
పిల్లను వెంటేసుకుని. చుట్టాలని రాస్తావా?
పైపు పీకింది, రాసుకో.
తాగాక పిల్ల వీపు మీద నీళ్లు చల్లింది, అదీ రాసుకో.
గాడిదను సింహం ఎత్తుకుపోయింది.
దాన్ని ఏ గడిలోంచి తీసేస్తావు?"
ఆయన భార్య ఎర్రమన్ను పూసుకున్న చేత్తో
నా భుజం మీద తట్టి నవ్వింది.
చొక్కాకి ఆ మరక ఇంకా పోలేదు.

అక్కణ్ణుంచి తూర్పుకి తారురోడ్డు.
టెలిఫోన్ స్తంభాల మీద గిజిగాళ్ల గడ్డిమేడలు,
ఒకే కప్పు కింద వంద కాపురాలు.
"వీళ్ల తలుపులు ఎవరు తడతారో" అంది రౌనా.
ఆమెను ఊళ్లో దింపి
పెట్రోలు కోసం ఒక రాత్రి ఒంటరిగా పోయొచ్చాను.
ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

న్యేన్యేలో బేసా
కాగితం వంక చూడనే లేదు,
నిప్పు చుట్టూ ఇసుక చూపించాడు.
"చిరుత ఇక్కడ కూచుంది,
చందమామ కుంకినప్పటి నుంచి పిల్ల దగ్గేదాకా.
దగ్గు విని లేచింది. పరుగెత్తలేదు, నడిచే పోయింది.
ఇటు ముళ్లపంది, దానికేదో తొందర.
మావాళ్లు తొమ్మిదిమంది. ఒకామెకి నిద్రలేదు."
ఆగి, వంగి, నా అడుగు చూశాడు.
"నీకూ లేదు.
బండి చుట్టూ తిరిగావు.
ఒకే చోట చాలాసేపు నిలబడ్డావు, బంపర్ ఎదుట."

జాంబేజీ ఒడ్డున ఆ పచ్చదనం
ఇసుకకి అలవాటుపడ్డ కళ్లకు గుచ్చుకుంది.
నీటిగుర్రాలు రాత్రి తొక్కిన మొక్కజొన్నను
ఆడవాళ్లు నిలబెట్టి మట్టి ఎగదోస్తున్నారు.
నసిలేలే వేళ్లు మడిచి లెక్కపెట్టింది:
పెద్దమ్మాయి, చిన్నమ్మాయి, అత్త.
నాలుగో వేలు మడవలేదు, చాపనూ లేదు.
"వానలు మొదలైన వారం, నీళ్లకని పోయాడు.
ఈ ఏట్లోనే ఉన్నాడు. ఏ మొసలిలోనో తెలీదు.
నా కొడుకు ఎక్కడ పడుకున్నట్టు రాస్తావమ్మా?"
రౌనా కలానికి మూత పెట్టింది.
ఆవలి ఒడ్డున నీటిగుర్రం బుస్సుమని ఊపిరి వదిలింది.
నసిలేలే తిరిగి చూడలేదు.
"దానితో పేచీ లేదులే, అది తినేది జొన్నే కదా."

ఆఖరి కాగితం మాది.
"నువ్వు చెప్పు. ఆ పెట్రోలు రాత్రి
బండిలో ఎవరు పడుకున్నారు?"

బండిలో ఎవరూ లేరు.
రోడ్డు పక్క గడ్డిలో నేనూ,
మెలికల కొమ్ముల దుప్పి ఒకటీ.
వెలుతురుకి ఎదురొచ్చింది.
బ్రేకు మీద నా కాలు ఆలస్యంగా పడింది.
తెల్లవార్లూ దాని పొట్ట లేస్తూ దిగుతూ ఉంటే
మెడ మీద చెయ్యి వేసి కూచున్నాను.
చుక్క పొడిచే వేళకి
నా చెయ్యి ఒక్కటే వణుకుతోంది.

"ఒక్కడినే" అన్నాను.
రౌనా నన్ను చూసింది. బంపర్ని చూసింది.
గడిలో ఒకటి వేసి,
పక్కన అంచులో, ఎవరూ చదవని చోట,
పెన్సిల్‌తో చిన్న గీత గీసింది.